మిల్లు మాట

మలర్ వచ్చేలోగా తేల్చుకోవాలి. లాస్‌పేటలో కూతురింటికి వెళ్ళిన మనిషి మనవరాలు ప్రియాకు తల దువ్వి, కూతురికి నాలుగు చీవాట్లు పెట్టి, కాఫీ తాగి బయల్దేరేసరికి ఎంత లేదన్నా సాయంత్రమవుతుంది. వాన పట్టుకుంటే ఇంకా ఆలస్యం, కాదు, వాన వచ్చేలా ఉంటే ముందే వచ్చేస్తుంది, ఎందుకంటే మేడ మీద బట్టలు ఆరేసి వెళ్ళింది, ఇల్లు కూలిపోతున్నా ముందు మేడ మీది బట్టలు తీసి ఆ తర్వాతే కూలనిచ్చే రకం ఆవిడ. చెంగల్రాయన్ వీధివైపు కిటికీ రెక్కలు మూశాడు. గొళ్ళెం పడిన చప్పుడు విన్నాడా, విన్నాననుకున్నాడా అని ఒక క్షణం ఆగాడు. విన్నాడు. కుడి చెవితో. ఇలా ప్రతి చప్పుడునూ గుమ్మంలో నిలబెట్టి, ఏ దారిన వచ్చావు నువ్వు అని ఆరా తీయడం ఈ మధ్య అలవాటైపోయింది. పాలవాడి బెల్లు కుడి. పక్కింటి కుక్కరు కుడి. ముత్తియాల్‌పేటలో పుట్టి పెరిగిన మనిషికి చప్పుళ్ళకు కొదవేముంది, ఆటోలు, వెల్డింగు షాపు, గుడి మైకు, అన్నీ ఇదివరకు చుట్టూ ఉండేవి. ఇప్పుడు అన్నీ ఒక పక్కకే వచ్చి చేరాయి, పడవలో జనమంతా ఒకే అంచున కూర్చున్నట్టు. ఎప్పుడు ఒరిగిపోతుందోనని భయం.

పోయిన వారం ఒక పొద్దున లేచేసరికి ఎడమ చెవి పనిచేయడం మానేసింది. నొప్పి లేదు, చీము లేదు, దెబ్బ తగల్లేదు. నీళ్ళు పోయాయేమోనని బాత్రూములో తలుపేసుకుని, తల పక్కకు వాల్చి ఒంటికాలి మీద గెంతాడు, ఇంకేముంది, రిటైరైన మనిషి చేయాల్సిన పనే. మధ్యాహ్నానికి ఆ ఖాళీ చెవిలో ఎక్కడో దూరంగా ఈల మొదలైంది, ఇంకా ఆగలేదు. మలర్‌కు బ్యాంకు పని అని చెప్పి ఆస్పత్రికి వెళితే గాజు గదిలో కూర్చోబెట్టి తలకు హెడ్‌ఫోను తగిలించి చేతికి ఒక మీట ఇచ్చారు, కీచుమని వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. ఆ డాక్టరమ్మ చెప్పిన మాటలు వరసగా గుర్తున్నాయి: మాత్రలు వాడండి, వినికిడి తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, కుడి చెవి మాత్రం బాగుంది, మాత్రలయ్యాక మళ్ళీ పరీక్ష చేద్దాం (అది రేపే), కొందరికి కొన్నాళ్ళు స్వరాలు మారిపోయినట్టు వినిపిస్తాయి, కంగారు పడొద్దు. డాక్టరు కంగారు పడొద్దన్నాక కంగారు పడని మగవాణ్ణి ఎవరైనా చూపిస్తే వాడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవచ్చు. కానీ అసలు భయం అది కాదు. కుడి చెవి బాగుందట, ఎవరి మాట మీద? ఆ మీట మీద. ఆ మీట నొక్కింది తను. వినపడనప్పుడు కూడా, ఇప్పటికి ఇంకోటి వచ్చి ఉంటుందిలే అని అందాజుగా నొక్కేశాడు, బడిలో పక్కవాడి పలక చూసి రాసినట్టు. ఎందుకు నొక్కాడు, ఎవరిని మోసం చేద్దామని! ఇప్పుడు కుడి చెవి నిజంగా ఉందో, అదీ సర్దుకుని పోయే ఏర్పాట్లలో ఉందో డాక్టరమ్మకు తెలియదు, తనకూ తెలియదు. అమ్మకు కూడా ముందు ఎడమే పోయింది.

అందుకే మంచం కింది రికార్డుల పెట్టె బయటికి లాగాడు. గాజు గదిలోని కీచులు ఎవరివో, ఎలా ఉండాలో తనకేం తెలుసు. ఈ పెట్టెలోని చప్పుళ్ళు అలా కాదు, ఇవి తనవి, ఏ గీత తర్వాత ఏ గీత వస్తుందో ఒళ్ళంతటికీ తెలుసు. ఏదైనా తగ్గితే పట్టేయొచ్చు. నాయిస్ రాక్ అంటారు ఈ జాతి సంగీతాన్ని, ఆ పేరు చెప్పినవాడు ఈ పెట్టె ఇచ్చిన ఫ్రెంచివాడు ఎతియెన్, పేరుతో పనేముంది, విన్న ప్రతివాడూ దానికి సొంతంగా ఒక పేరు పెట్టేస్తాడు. పైన అద్దెకుండే యానాం కుర్రాడు హర్షవర్ధన్, సెక్రటేరియట్‌లో ఆఫీసరు, దిగిన కొత్తలో ఒక ఆదివారం మెట్లు దిగి వచ్చి ఎంతో మర్యాదగా, "అంకుల్, ఏమీ అనుకోకండి, మీ గ్రైండర్లో ఏదో రాయి పడినట్టుందండీ, మోటారు కాలిపోద్దేమోనని చెబ్దామని వచ్చానండి," అన్నాడు. మలర్ పడీ పడీ నవ్వింది. రాయి పడింది గ్రైండర్లో కాదు బాబూ, ఈయన తలకాయలో. ఆ నవ్వు అప్పుడు రెండు చెవులా విన్నాడు. అప్పుడే ఎందుకు దాచుకోలేదో, చప్పుళ్ళను కూడా దాచుకోవాలని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ముందు కోడి రికార్డు. అట్ట మీద తలలేని కోడి పరుగెత్తుతుంటుంది కాబట్టి కోడి రికార్డు. అసలు పేరు ఫ్రెంచిలో ఏదో ఉంది, తనకు తమిళం చదవడం వచ్చు, ఇంగ్లీషు కూడబలుక్కోవడం వచ్చు, ఇంట్లో మాట్లాడే తెలుగు చదవడమే రాదు, ఇక ఫ్రెంచి దాకా ఎక్కడ. సూది దించాడు. గీరుకుపోయే గిటారు, దాని వెనకాల రేకుల షెడ్డు మీద రాళ్ళ వాన లాంటి డ్రమ్ములు, ఉన్నాయి, రెండో నిమిషంలో సన్నటి కూత ఒకటి లేస్తుంది, వేలితో గాజు మీద గీరినట్టు, అది వచ్చిందా, వచ్చింది, లేదా తన ఎడమ చెవిలోని ఈలేనా అది? కుడి చెవి మూసుకున్నాడు. గదంతా అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది, ఈల మాత్రం మిగిలింది. వేలు తీశాడు. ఈల, దాని మీద కూత. రెండూ వేరు. కొంచెం ఊపిరి వచ్చింది. ఈ కూత మొదటిసారి విన్నది టెలిఫోను స్తంభం మీద నుంచి. బీచి వైపు వీధుల్లో పసుపు గోడల ఇల్లు, లైను పనిచేయడం లేదని కంప్లైంటు వస్తే డిపార్ట్‌మెంటు లైన్‌మేన్‌గా తను నిచ్చెన వేసుకుని పైకెక్కాడు, అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, మిద్దె కిటికీలోంచి ఈ రొద వచ్చింది, చేతిలో పటకారు అలాగే ఆగిపోయింది. ఆ వీధిలో అందరూ కిటికీలు మూసుకునే రొద విని తను మాత్రం స్తంభం మీదే ఉండిపోయాడు, దిగితే ఆగిపోతుందేమోనని. కిటికీలోంచి ఎతియెన్ చూశాడు, గడ్డమూ, ఎండకు కమిలిన ముక్కూ. మనిషికి మనిషి దొరికాడన్నట్టు చెయ్యి ఊపి రమ్మన్నాడు. నీకిది నచ్చిందా, ఎందుకు అని అడిగితే వచ్చీరాని ఇంగ్లీషులో తను చెప్పిన జవాబు ఒకటే: మై మదర్, మిల్. ఆ తెల్లవాడికి ఏం అర్థమైందో ఏమో, ఊరు వదిలి వెళ్ళేరోజు ప్లేయరూ స్పీకర్లూ ఈ పెట్టే మొత్తం తెచ్చి ఇంటి అరుగు మీద పెట్టి, అమ్మకు దండం పెట్టి వెళ్ళాడు.

అమ్మ సెంగమలం, బట్టల మిల్లులో మగ్గాలు నడిచే విభాగంలో పనిచేసింది, చేరినప్పుడు అందరిలాగే వినేది, కొన్నేళ్ళకు ఎడమ చెవి, ఇంకొన్నేళ్ళకు కుడి. వందల మగ్గాలు ఒకే కప్పు కింద. అక్కడ గొంతు ఎత్తి ప్రయోజనం లేదు, కాబట్టి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు; పెదాలను విడివిడిగా, నిండుగా కదిలించి, అక్కడక్కడ వేలితో ఒక సైగ కలిపి మాట్లాడుకునేవాళ్ళు. వీధిలో దాన్ని మిల్లు మాట అనేవాళ్ళు. షిఫ్టు దిగి వచ్చాక కూడా ఆడవాళ్ళు ఈ అరుగు మీద ఒకరు, ఆ అరుగు మీద ఒకరు కూర్చుని, మధ్యలో జనం, సైకిళ్ళు పోతుంటే, చిన్న చప్పుడైనా లేకుండా ఊరి రంకులన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఇంట్లో తనకూ అదే మాట. మిల్లు మాటకు ఒకటే షరతు, ఎదుటి మనిషి మొహం చూడాలి. తను ఏదో తప్పు చేసి నేల చూపులు చూస్తే అమ్మ గడ్డం పట్టుకుని మొహం పైకి తిప్పేది, ఇప్పుడు చెప్పు అని పెదాలు కదిపేది, ఇక అబద్ధం వచ్చేది కాదు. ఆయుధ పూజ నాడు ఇంటివాళ్ళను మిల్లు లోపలికి రానిచ్చేవాళ్ళు. మగ్గాలన్నీ ఆగి ఉండేవి, గంధం, కుంకుమ పెట్టించుకుని, మెడలో చామంతి దండలతో, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు బుద్ధిగా. ఒక ఏడు మేస్త్రీ విజయరంగన్ పిల్లల సరదా కోసం ఒక్క మగ్గాన్ని కదిలించాడు. ఒక్కటే. గుండె నోట్లోకి వచ్చింది. ఇలాంటివి వందలు అని అమ్మ పెదాలతో చెప్పింది, చెబుతూ నవ్వింది, ఆ నవ్వులో గొప్ప కూడా ఉంది. ఆ రాత్రి తను పక్కమీద పడుకుని ఒక్క మగ్గం మోతను మనసులో వందలు చేసి విందామని ఎంతో ప్రయత్నించాడు, చేతకాలేదు. చేతనైంది ఆ టెలిఫోను స్తంభం మీద.

కోడి రికార్డు తీసి తుప్పు రికార్డు పెట్టాడు. అట్ట నిండా తుప్పు రంగే. ఇందులో అడుగున ఒక గుంయ్‌మనే నాదం నడుస్తుంది, ఆ మొదటి నుంచి ఈ చివరి దాకా, పైన ఎవరెంత గోల చేసినా పట్టించుకోకుండా. ఎడమ చెవి ఉన్న రోజుల్లో అది ఛాతీలో వినపడేది. ఇప్పుడు ఉందా? ఉంది కానీ పల్చగా ఉంది. నీళ్ళు కలిపిన మజ్జిగలా. ఒక చెవి లేదు కాబట్టి పల్చనా, ఉన్న చెవి కూడా తగ్గుతోంది కాబట్టి పల్చనా? దీన్ని ఎలా తేల్చేది. కేబుల్లోకి నీళ్ళు దిగితే ఒక రకం బుస, తీగ తెగితే ఒక రకం నిశ్శబ్దం, ఎన్నేళ్ళు చెవికి రిసీవరు ఆనించి లైన్ల రోగాలు చెప్పాడు. తన లైనుకు ఏం వచ్చిందో మాత్రం చెప్పలేకపోతున్నాడు. స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు. అలా పెట్టగానే అమ్మ. రెండు చెవులూ పోయిన తర్వాత ఒక రోజు తను ఈ తుప్పు రికార్డే వింటుంటే అటుగా పోతూ స్పీకరు మీద చెయ్యి ఆనించింది, ఆనించి ఆగిపోయింది, కళ్ళు పెద్దవయ్యాయి, తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కాబట్టి వీధంతా వినపడేలా, "మిల్లు రా! ఒరే చెంగల్రాయా, ఇది మన మిల్లు రా!" అని అరిచింది. మిల్లు మూతపడి అప్పటికి చాలా కాలమైంది. తర్వాత రోజూ వచ్చి చెయ్యి పెట్టి కూర్చునేది. మలర్ వంటింట్లోంచి, తల్లీకొడుకులు ఇద్దరూ కలిసి నన్ను కూడా చెవిటిదాన్ని చేస్తారని సణిగేది. సణిగేది కానీ అత్త కోసం మిల్లు మాట నేర్చుకుంది ఆవిడే, తనకంటే బాగా నేర్చుకుంది, అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని పెదాలతో తన మీదే ఏవో చెప్పుకునేవాళ్ళు, మధ్యలో తను వెళితే ఇద్దరూ నోళ్ళు మూసేవాళ్ళు. ఈ సత్తం ఒకనాటికి నీ చెవులు తినేస్తాది మామా అని మలర్ ఎన్నిసార్లు చెప్పింది. ఆవిడ భాషలో సత్తం అంటే రొద. తినేసిందా? ఇదేనా తిన్నది? తను ప్రేమించిందే తనను తినేస్తే ఎవరితో చెప్పుకుంటాడు.

మలర్‌తో మాత్రం చెప్పుకోలేడు. ఎందుకంటే చివరి ఏళ్ళలో అమ్మ కళ్ళకు పొర కమ్మింది, ఆపరేషనుకు ఒళ్ళు తట్టుకోదన్నారు, పెదాలు కనపడక మిల్లు మాట కూడా పోయింది. అప్పటినుంచి మలర్ అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్క మాటైనా అందుతుందని అరిచేది. అన్నం. మాత్ర. స్నానం. ఏళ్ళ తరబడి అరిచింది, గొంతు బొంగురుపోయి అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ ఫోనులో కొత్తవాళ్ళు సార్ అంటారు ఆవిణ్ణి. అమ్మ కర్మకాండ అయిన మర్నాడు బావి గట్టు దగ్గర అంట్లు తోముతూ ఎవరితోనూ కాకుండా తనలో తాను, "ఇంక అరిచే పని లేదు," అంది. నిష్ఠూరం కాదు, సంతోషం అంతకన్నా కాదు, ఊరికే అలసట. ఆ మాట తను విన్నాడు, రెండు చెవులా విన్నాడు, వినకపోయినా బాగుండేది. అదే మనిషి దగ్గరికి వెళ్ళి, మలరూ, మళ్ళీ మొదలుపెట్టు అని ఎలా చెప్పడం. వాన చినుకులు కాబోలు, కిటికీ రెక్క మీద ఏదో టకటకలాడింది. కుడి. ఇంకెంత సేపుంది? ఇంకొక్కటి ఉంది. అది పెట్టకుండా ఇది తేలదు.

నల్ల రికార్డు పెట్టెలో అన్నిటికన్నా అడుగున, గోడవైపుకు తిప్పి ఉంది. నల్ల అట్ట, దాని మీద అక్షరం లేదు, లోపల రికార్డు మధ్యన అంటించిన కాగితం మీదా ఏమీ లేదు. ఎతియెన్ స్నేహితులెవరో సొంతంగా అచ్చు వేయించుకున్నదట. ఆ రెండో వైపు చివర్లో, రొదంతా తగ్గుతూ తగ్గుతూ నేల మీదికి వచ్చాక, దాని అడుగున ఒక ఆడగొంతు ఉంటుంది. మూలుగు. ఆగి ఆగి, ఒక్కోటి సాగుతూ, నొప్పిని ఓర్చుకుంటున్నట్టు. మొదట్లో దాన్ని తను పెద్దగా పట్టించుకోలేదు. అమ్మ పోయే ముందు రాత్రుళ్ళు మూలిగేది, తన మూలుగు తనకు వినపడదు కాబట్టి ఆపుకోవాలని తెలియదు, ఆగి ఆగి, సాగదీస్తూ. ఆవిడ పోయిన నెలకో ఏమో, ఏదో ఒకటి విందామని ఈ రికార్డు పెడితే చివర్లో అమ్మ. అదే గొంతు, అదే ఆగడం, అదే సాగడం. ప్లేయరు తీగ గోడలోంచి ఊడబెరికి, గది దీపం వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నాడు. ఆ తర్వాత దీన్ని ముట్టుకోలేదు. ముట్టుకోలేదు కానీ అది పోలేదు, ఆ మూలుగంత బాగా ఇంకే శబ్దమూ తనకు గుర్తులేదు. అందుకే ఇదే అసలైన పరీక్ష. ఇది వినపడితే, అలాగే వినపడితే, కుడి చెవి ఉన్నట్టు. వినపడాలని దేవుడికి మొక్కుకోవాలా, వినపడకూడదని మొక్కుకోవాలా? రెండూ భయమే. సూది జారి గీత పడుతుందేమోనని ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని చివరి గీతల దగ్గర దించాడు.

తేడాగా ఉంది. మొదటి క్షణమే తెలిసిపోయింది. గిటార్లు కీచుమంటున్నాయి, ఇంత సన్నగా ఉండవు అవి, డ్రమ్ములు తరుముకొస్తున్నట్టు పరుగెత్తుతున్నాయి, బరువుగా ఈడ్చుకుంటూ రావాల్సినవి. ఇది ఈ రికార్డు కాదు. ఇదే, నల్ల అట్ట ఇదిగో ఒళ్ళో ఉంది. స్వరాలు మారిపోయినట్టు వినిపిస్తాయి అంది డాక్టరమ్మ. కొందరికి అంది. ఏ చెవికో చెప్పలేదు, అడగాలని తనకు తోచలేదు. చెవి మూసుకుని తెరిచాడు, తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మింగాడు, ఆవలించాడు, రొద తగ్గుతోంది, ఇప్పుడు రావాలి, ఇప్పుడు మూలుగు రావాలి, అమ్మా, ఒక్కసారి మూలుగమ్మా, అనుకున్నాడు, ఇలా కోరుకుంటానని ఎన్నడూ అనుకోలేదు. రాలేదు. దాని చోట ఏదో కిలకిలమని, చిన్నగా, ఆగి ఆగి, పసిపిల్ల ఎవరో నవ్వినట్టు. లేని పిల్ల నవ్వుతోంది. ఉన్న అమ్మ పోయింది. కుడి చెవి కూడా బయల్దేరిందన్నమాట, పోతూ పోతూ ఉన్నవాటిని చెరిపి, లేనివాటిని పెట్టి పోతోంది. రేపు మనవరాలి గొంతు ఎలా వినపడుతుంది? మలర్ గొంతు? తర్వాత ఎప్పుడో కళ్ళు? అప్పుడు రాత్రుళ్ళు తనూ మూలుగుతాడా, తనకే తెలియకుండా, ఆవిడ పక్క గదిలో దిండు చెవులకు అదుముకుని వింటుంటే? సూది ఎత్తి మళ్ళీ పెట్టాడు. నవ్వు. మళ్ళీ ఎత్తి పెట్టాడు. నవ్వు. నీళ్ళ చెంబు కోసం పక్కకు తిరిగితే గుమ్మంలో మలర్ నిలబడి ఉంది, తడిసిన గొడుగు చేతిలో, అది ఎప్పుడు తెరిచిన తలుపో, ఎప్పటినుంచి నిలబడిన మనిషో.

"ఎన్ని తూర్లు పిలిచేది మామా? వీధి కొసదాకా వినిపిస్తా ఉండాది ఈ సత్తం. ఏంది, మొహం అట్లా పాలిపోయింది?"

బొంగురు గొంతు, కుడివైపునుంచి, మామూలుగానే వినపడింది, కానీ ఇప్పుడు దేన్ని నమ్మేది. ఇంకో జత చెవులు కావాలి, ఇంట్లో ఉన్నవి ఆవిడవే. "కూర్చో. ఒక్క నిమిషం కూర్చో మలరూ. ఇది విని, ఏం వినిపిస్తాదో చెప్పు."

"నేనా? దీన్నా? పైన బట్టలు తడస్తా ఉండాయి."

"తడవనీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆ మాట ఎన్నడూ అనని మనిషి అన్నందుకేమో, మలర్ గొడుగు గోడకు ఆనించి, మంచం అంచున కూర్చుంది. సూది దించాడు. రొద సాగింది, తగ్గింది. చెంగల్రాయన్ ప్లేయరును చూడలేదు, ఆవిడ మొహాన్నే చూస్తున్నాడు, కోర్టులో తీర్పు కోసం చూసినట్టు. ఆవిడ మొహంలో విసుగు, ఆ తర్వాత ఏమీ లేదు, ఆ తర్వాత ఒక పక్క పెదవి కొంచెం పైకి లేచింది.

"పిల్లెవరో నవ్వతా ఉండాది. మన ప్రియా నవ్వినట్టే ఉండాది."

"ఏడుపు కాదా? మూలుగు... ముసలామె మూలిగినట్టు లేదా?"

"యాడ మూలుగు? నవ్వే. నాకు చెవులు లేవా ఏంది?" అని, వంగి ప్లేయరు వైపు చూసి, నాలుక కరుచుకుంది. "ఓ, నా వల్లనే అయిందా? పోయిన నెల ఆయుధ పూజకు తుడిచి బొట్టు పెట్టినా గదా. అప్పుడా పుల్ల ఇట్లా జరిగింది. యాడ ఉండేదో తెలీక అట్లనే వదిలేసినా. చెప్పుంటే జరిపేదాన్ని."

చెంగల్రాయన్ వంగి చూశాడు. ప్లేయరు మూలన ఎండిపోయిన గంధం బొట్టు, దాని మీద కుంకుమ. ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ పెట్టినట్టే దీనికీ పెట్టింది, మిక్సీకి, కుట్టు మిషనుకు, తన పాత పటకారుకు పెట్టినట్టే. ఆ బొట్టు పక్కన వేగం మార్చే చిన్న మీట, నిమిషానికి ముప్పై మూడు చుట్ల దగ్గర ఉండాల్సింది, నలభై ఐదు దగ్గర ఉంది. పండగ తర్వాత ప్లేయరు ముట్టుకున్నది ఈవేళే, కోడి, తుప్పు రెండూ ఇందాక అదే వేగంలో విన్నాడు, తెలియలేదు. తెలిసే సంగీతం కాదు అది, ఉన్న రొద ఇంకొంచెం రొదయింది, భయంలో అదీ పట్టలేదు. ముప్పై మూడుకు జరిపాడు. వెంటనే గది బరువెక్కింది, డ్రమ్ములు కాళ్ళీడ్చుకుంటూ వచ్చాయి, అడుగునుంచి మూలుగు లేచింది, ఆగి ఆగి, సాగుతూ. మలర్ చప్పున రెండు చేతులూ ఎత్తి, "ఆపు మామా, దణ్ణం పెడతా ఆపు, అత్త మాదిరి ఉండాది," అంది. మళ్ళీ నలభై ఐదు. పిల్ల నవ్వింది. ఈసారి ఆ నవ్వుకు డ్రమ్ములు సరిగ్గా అతికాయి, గిటార్లకు ఊపు వచ్చింది, పాట అన్నది ఒకటి ఉంటే అదిప్పుడు తన కాళ్ళ మీద తను నిలబడింది. పెద్ద రికార్డు అయితే ముప్పై మూడు, చిన్న రికార్డు అయితే నలభై ఐదు, ఎతియెన్ చెప్పిన సూత్రం అదే. పెద్దవాటిలో కూడా నలభై ఐదువి ఉంటాయని వాడు చెప్పలేదు, కాగితం మీద ఎవరూ రాయలేదు, వేరే ఏ పాటైనా అయితే మొదటి రోజే దొరికిపోయేది, గోలలో ఎవరికి తెలుస్తుంది. ఇన్నేళ్ళూ ఎవరో పసిపిల్ల నవ్వు విని, తన అమ్మ ప్రాణాలు విడుస్తోందని గోడవైపు తిప్పి పెట్టాడు.

నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, ఆ తర్వాత పొట్టలోంచి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. చెవి ఉంది. కుడి చెవి ఉంది, మీటే జరిగింది, తను వినాల్సింది విన్నాడు. నేల మీద కూర్చుని తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు, ఇన్ని రోజుల భయమూ అలా కారిపోతుంటే హాయిగా ఉంది. వెనక ఎడమవైపు ఎక్కడో ఈల అలాగే ఉంది, ఉండనీ. నవ్వు ఆగాక తల ఎత్తితే మలర్ మంచం మీద లేదు. తిరిగి చూశాడు. ఎడమవైపు, బీరువా దగ్గర నిలబడి ఉంది. ఆవిడ ఏదో అడిగిందని అప్పుడు తెలిసింది, మొహం చూస్తే తెలిసింది, ఒకసారి అడిగిన మొహం కాదు అది, రెండుసార్లో మూడుసార్లో అడిగి, జవాబు కోసం ఆగి, ఆ ఆగడంలో ఏదో లెక్క కుదిరిపోయిన మొహం. పోయిన వారం నుంచి మంచంలో తను ఆ పక్కకు ఎందుకు మారి పడుకుంటున్నాడో, ఫోను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి ఎందుకు మారిందో, అన్నీ ఒక్కొక్కటే ఆవిడ కళ్ళలో వచ్చి కూర్చుంటున్నాయి. "ఏమన్నావు?" అన్నాడు, తేలిగ్గా అందామనుకున్నాడు, గొంతు అవసరం లేనంత పెద్దగా వచ్చింది, అమ్మ గొంతులా.

మలర్ వచ్చి ఎదురుగా నేల మీద చతికిలబడింది. చెంగల్రాయన్ చూపు ప్లేయరు మీదికి, అక్కడినుంచి నల్ల అట్ట మీదికి తప్పించుకుంది. తడి చెయ్యి ఒకటి వచ్చి గడ్డం పట్టుకుని మొహం పైకి తిప్పింది. ఆవిడ పెదాలు కదిలాయి, విడివిడిగా, నిండుగా. శబ్దం లేదు. ఏమీ లేదు. కదులుతున్న నోరు, దాని వెనక ఖాళీ. పోయింది, అదీ పోయింది, ఇప్పుడే, నవ్వుతుండగానే, చెప్పకుండా. గుండె ఎక్కడో కొట్టుకుంటోంది, అది కూడా వినపడటం లేదు. కాదు, ఆగు. వాన వినపడుతోంది. కిటికీ రెక్కల మీద వాన, దాని కింద రికార్డు చివరి గీతలో సూది చేస్తున్న టక్కు, ఆగి మళ్ళీ టక్కు, కుడివైపు, స్పష్టంగా. చెవి ఉంది. గొంతు లేనిది ఆవిడ మాటకు. అమ్మ కళ్ళు పోయిన తర్వాత ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడని మిల్లు మాట అది.

ఎప్పట్నించి, అని మళ్ళీ అడిగాయి ఆవిడ పెదాలు.

చెంగల్రాయన్‌కు ఎన్నేళ్ళ తర్వాతో నోరు అలా పెట్టడం మొదట చేతకాలేదు. పోయిన వారం, అన్నాడు. చూపుడు వేలు ఎత్తి ఎడమ చెవిని తాకాడు. రేపు మళ్ళీ రమ్మన్నారు. నీకు చెప్పలేదు. మళ్ళీ అరవాల్సి వస్తుందని.

అరవను, అన్నాయి ఆవిడ పెదాలు. తర్వాత, భయంగా ఉండాదా?

లేదని చెప్పడానికి నోరు తెరిచాడు. గడ్డం మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది.

ఉండాది, అన్నాడు. శానా.

నాకూ ఉండాది, అంది మలర్.

పైన బట్టలన్నీ తడిసిపోతున్నాయి. ఆవిడ లేవలేదు.